సంతాన నియంత్రణ - సైన్సు - మన విశ్వాసం



మన విచారణల యువతీయువకులు ఎందరో నేడు ఫార్మసీ, నర్సింగ్, బయోటెక్నాలజీ చదువుతున్నారు. హైదరాబాదు, విశాఖపట్నం పరిసరాల మందుల కంపెనీలలో ఉద్యోగాలు చేస్తున్నారు. వారిలో కొందరు గురువులను అడిగే ప్రశ్న ఒకటున్నది. "ఫాదర్, గర్భం రాకుండా చేసే మందుల మీద పరిశోధన జరిగే చోట కథోలికులం పనిచేయవచ్చునా? సైన్సు ఒకటి చెబుతుంటే శ్రీసభ ఇంకొకటి చెబుతున్నదే, రెండింటినీ నమ్మడం ఎలా?" పెళ్ళయి ఇద్దరు బిడ్డలున్న తల్లి అడిగే ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. "ఫాదర్, నేను ఆపరేషన్ చేయించుకున్నాను. నాకు దివ్యసత్ప్రసాదం ఉన్నదా, లేదా?"

ఈ రెండు ప్రశ్నలకూ వేరు ఒక్కటే. కనుక ఈ వారం పాఠంలో తొందరపడకుండా మొదటినుంచి ఆలోచిద్దాము.

శ్రీసభ బోధ ఏమిటి?

శ్రీసభ మీద మోపే నింద ఒకటున్నది. "ఎంతమంది పుడితే అంతమందిని కనమంటుంది" అని. ఇది నిజం కాదు. 1951లో ఇటలీ మంత్రసానులతో మాట్లాడుతూ పన్నెండవ భక్తినాథ పోపుగారు, గట్టి కారణాలున్నప్పుడు దంపతులు గర్భం రాని రోజులకు తమ కలయికను పరిమితం చేసుకోవచ్చునని స్పష్టం చేశారు. రెండవ వాటికన్ మహాసభ 1965లో, బిడ్డల విషయంలో నిర్ణయం తీసుకోవలసినది దేవుని ఎదుట భార్యాభర్తలేనని బోధించింది. 1968 జులై 25న ఆరవ పౌలు పోపుగారు వెలువరించిన 'హ్యూమనే వీటే' విశ్వలేఖ కూడా ఆరోగ్యాన్ని, ఆర్థిక స్థితిని, ఇంటి పరిస్థితులను ఆలోచించుకుని కొంతకాలం వరకు గానీ, ఇక మీదట గానీ బిడ్డలు వద్దనుకునే దంపతుల నిర్ణయాన్ని తప్పు పట్టలేదు. దీనినే బాధ్యతాయుతమైన మాతృపితృత్వం అంటున్నాము.

మరి శ్రీసభ కాదన్నది దేనిని? దాంపత్య కలయికలో దేవుడు రెండు అర్థాలను కలిపి ఉంచాడు. ఒకటి, భార్యాభర్తలు ఒకరికొకరు పూర్తిగా అర్పించుకునే ప్రేమ. రెండవది, ఆ ప్రేమ కొత్త ప్రాణానికి తలుపు తెరిచి ఉంచడం. ఈ రెండింటినీ మనిషి తన చేతితో విడదీయరాదన్నది శ్రీసభ బోధ. కనుక ఎంతమంది బిడ్డలు అన్నది ఒక ప్రశ్న, ఏ మార్గంలో అన్నది మరొక ప్రశ్న. ఈ తేడాను గుర్తుంచుకుంటే తక్కినది సులువుగా అర్థమవుతుంది.

మాత్ర వెనుక ఉన్న కథోలిక వైద్యుడు

గర్భనిరోధక మాత్రను లోకానికి తెచ్చినవారిలో ఒక కథోలికుడున్నాడంటే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన డాక్టర్ జాన్ రాక్. 1890లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జన్మించారు. హార్వర్డ్‌లో వైద్యం బోధించారు. ప్రతిదినం పూజకు వెళ్ళే మనిషి. ఆయన బల్లకు పైన గోడమీద సిలువ ఉండేది. ఐదుగురు బిడ్డల తండ్రి.

ఆయన వైద్యమంతా బిడ్డలు లేక కన్నీరు పెట్టుకునే స్త్రీలకోసం మొదలైనది. 1936లోనే బోస్టన్ దగ్గర బ్రూక్‌లైన్ ఆసుపత్రిలో, గర్భం రాని రోజులను లెక్కించుకోవడం నేర్పే క్లినిక్ కూడా ప్రారంభించారు. 1950 తర్వాత సంతానంలేని 80 మంది స్త్రీలకు కొన్ని నెలలపాటు ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లు ఇచ్చి ఆపారు. అండాశయాలకు విశ్రాంతినిస్తే తర్వాత అవి బాగా పనిచేస్తాయన్నది ఆయన ఆలోచన. ఆ 80 మందిలో 13 మంది గర్భవతులయ్యారు. అదే సమయంలో గ్రెగరీ పింకస్ అనే శాస్త్రవేత్త, ఆ హార్మోను అండం విడుదలను ఆపుతుంది కనుక గర్భం రాకుండా చేయడానికి వాడాలని ప్రయత్నిస్తున్నారు. ఇద్దరూ కలిశారు. అలా తయారైన ఎనోవిడ్ అనే మాత్రకు అమెరికా ప్రభుత్వం 1957లో నెలసరి రుగ్మతలకు, 1960లో గర్భనిరోధానికి అనుమతినిచ్చింది.

డాక్టర్ రాక్ తన విశ్వాసాన్ని దాచుకోలేదు. 1963లో ఒక పుస్తకం రాసి శ్రీసభకే విజ్ఞప్తి చేశారు. ఆయన వాదం ఇది: ప్రొజెస్టరాన్ స్త్రీ శరీరంలో సహజంగా తయారయ్యే పదార్థమే. గర్భం నిలిచినప్పుడు మరో అండం విడుదల కాకుండా ఆపేది అదే. మాత్ర ఆ ప్రకృతి పనినే అనుకరిస్తున్నది. శ్రీసభ ఒప్పుకున్న "సురక్షిత దినాలను" అది పొడిగిస్తున్నది, అంతే. అలాంటప్పుడు తప్పేమున్నది?

ఇది తేలికగా తీసిపారేయదగిన వాదం కాదు. 1963లో ఇరవై మూడవ యోహాను పోపుగారు ఒక సంఘాన్ని నియమించారు. ఆరవ పౌలు పోపుగారు దానిని విస్తరించి వైద్యులను, వేదాంతులను, దంపతులను కూడా చేర్చారు. 1966లో ఆ సంఘంలో అధిక సంఖ్యాకులు బోధను మార్చవచ్చునని అభిప్రాయపడ్డారు. పోపుగారు రెండేళ్ళు ఆలోచించి, ప్రార్థించి, మార్చడానికి వీలులేదని 1968లో తీర్పు చెప్పారు. సలహా ఇవ్వడం సంఘం పని, విశ్వాస బోధను కాపాడే బాధ్యత పేతురు వారసునిది. డాక్టర్ రాక్‌కు ఆ తీర్పు తీరని నిరాశ కలిగించింది. తర్వాతి సంవత్సరాలలో ఆయన శ్రీసభకు దూరమయ్యారు. 1984లో 94వ ఏట కన్నుమూశారు. ఆయన ఆత్మను తీర్పు తీర్చే అధికారం మనకు లేదు. ఆయన వాదాన్ని పరిశీలించే బాధ్యత మాత్రం మనకున్నది.

ఆ వాదంలో చిక్కు ఎక్కడున్నది?

మొదటిది. ఒక పదార్థం ప్రకృతిలో ఉన్నంత మాత్రాన దానితో మనం చేసే ప్రతి పనీ మంచిదైపోదు. మన పెరటి గన్నేరు కాయ కూడా ప్రకృతి ఇచ్చినదే. మాత్రను విషమంటున్నానని అనుకోవద్దు. పదార్థం గుణం వేరు, దానితో మనిషి చేసే కార్యం వేరు అంటున్నాను. ప్రొజెస్టరాన్ ఎలా పనిచేస్తుందో చెప్పడం రసాయనశాస్త్రం పని. దానిని ఏ ఉద్దేశంతో, ఏ కార్యంలో వాడవచ్చునో చెప్పడం నీతిశాస్త్రం పని. మొదటి ప్రశ్నకు ప్రయోగశాల జవాబిస్తుంది. రెండవ ప్రశ్నకు ఏ ప్రయోగశాలా జవాబివ్వలేదు.

రెండవది. "మందు మింగినా, రోజులు లెక్కపెట్టినా బిడ్డ రాకపోవడమే కదా ఫలితం" అంటారు. ఫలితం ఒకటే కావచ్చు, పని ఒకటి కాదు. ఒక ఉదాహరణ చెబుతాను. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడు, బియ్యం తక్కువగా ఉన్నవి, ఈ నెల బంధువులను విందుకు పిలవలేదు. అందులో ఎవరికీ అవమానం లేదు. మరొక ఇంటివారు బంధువులను పిలిచి, పీట వేసి, ఆకు పరిచి, వంటింటికి మాత్రం తాళం వేశారు. రెండు ఇళ్ళలోనూ బంధువులు భోంచేయలేదు. అయినా రెండు పనులూ ఒకటేనని మనలో ఎవరైనా అంటారా? గర్భం రాగల రోజులలో దూరంగా ఉండే దంపతులు పిలవకుండా ఆగుతున్నారు. కలయిక అనే భాషలో "నన్ను పూర్తిగా ఇస్తున్నాను" అని పలుకుతూ, అందులోని తల్లిదండ్రులయ్యే శక్తిని మూసివేయడం రెండవ పని.

ఇక్కడ మరొక మాట న్యాయంగా చెప్పాలి. రోజులు లెక్కపెట్టే పద్ధతిని కూడా సుఖం కోసం, బద్ధకం కోసం, డబ్బు మీద ఆశతో వాడుకుంటే అది కూడా స్వార్థమే. మార్గం మంచిదైతే చాలదు, కారణం కూడా మంచిదై ఉండాలి.

మెల్బోర్న్ దంపతులు

ఇప్పుడు రెండవ వైద్యుని కథ. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్ అనే కథోలిక డాక్టరు ఉన్నారు. ఆయన నాడీ వైద్యుడు, ప్రసవాలకు సంబంధించినవాడు కాడు. 1953లో మోరిస్ కాటరినిచ్ అనే గురువు ఆయన దగ్గరకు వచ్చి, గర్భం వాయిదా వేసుకోక తప్పని దంపతులు కష్టపడుతున్నారు, సహాయం చేయమని అడిగారు. అప్పటికి ఎక్కువగా వాడుకలో ఉన్నది క్యాలెండర్ లెక్క. 1920లలో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ కనుగొన్న లెక్క అది. నెలసరి సక్రమంగా రాని స్త్రీల విషయంలో అది తప్పిపోయేది.

బిల్లింగ్స్ గారు పాత వైద్య గ్రంథాలు వెదికారు, వందలాది స్త్రీలను ప్రశ్నించారు. అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడగానే గర్భాశయ ముఖద్వారం నుంచి కోడిగుడ్డు తెల్లసొనలాంటి జారుడు జిగురు స్రవిస్తుందనీ, ఆ రోజులు దాటగానే అది ఆగిపోతుంది లేదా గట్టిపడుతుందనీ గమనించారు. ఆ జిగురు ఉన్నప్పుడే పురుషబీజం నాలుగైదు రోజులు బ్రతికి ఉండగలుగుతుంది. అండం బ్రతికేది ఒక్కరోజే. కాబట్టి నెలలో గర్భం రాగల రోజులు సుమారు ఆరు. ప్రొఫెసర్ జేమ్స్ బ్రౌన్ హార్మోన్ల పరీక్షలతోను, స్వీడన్‌లో ప్రొఫెసర్ ఎరిక్ ఓడెబ్లాడ్ జిగురు మీది పరిశోధనతోను దీనిని బలపరచారు. బిల్లింగ్స్ గారి భార్య ఎవెలిన్ కూడా డాక్టరే. ఆమె ఈ పనిలో చేరి, భర్తతో కలిసి దేశదేశాలు తిరిగి స్త్రీలకు నేర్పారు. ఆయన 2007లోను, ఆమె 2013లోను మరణించారు.

చూడండి, ఇద్దరూ కథోలిక వైద్యులే. ఇద్దరూ దంపతుల కష్టం చూసి కదిలినవారే. ఇద్దరూ చదివినది అవే హార్మోన్లు, అదే స్త్రీ శరీరం. ఒకరు ఆ జ్ఞానంతో శరీరపు గడియారాన్ని ఆపారు. మరొకరు ఆ గడియారాన్ని చదవడం నేర్పారు. కనుక తగాదా విశ్వాసానికీ సైన్సుకూ మధ్య లేదు. తెలిసిన జ్ఞానంతో ఏమి చేయాలన్న దగ్గరే దారులు చీలినవి. 'హ్యూమనే వీటే'లో పోపుగారు శాస్త్రవేత్తలనే ఉద్దేశించి, ప్రకృతి లయను ఆధారం చేసుకున్న సంతాన క్రమబద్ధీకరణకు గట్టి శాస్త్రీయ పునాది వేయమని కోరారు. పరిశోధన ఆపమనలేదు, ఇంకా చేయమన్నారు.

లెక్కలు దాచకుండా చెప్పుకుందాము

మన పద్ధతిని పొగడడానికి అబద్ధం ఆడవలసిన పనిలేదు. సత్యం సత్యానికి శత్రువు కాదు.

మన దేశ చరిత్రే చూడండి. 1951లో ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్‌కౌర్ ఆహ్వానంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ డాక్టర్ అబ్రహాం స్టోన్‌ను పంపింది. ఢిల్లీలోని లోడీ కాలనీలోను, కర్ణాటకలోని రామనగరంలోను రంగురంగుల పూసల దండలిచ్చి రోజులు లెక్కించడం నేర్పారు. ఆ ప్రయత్నం అంతగా ఫలించలేదు. దండ ఇవ్వడం సులువు, భార్యాభర్తలిద్దరికీ ఓపికగా నేర్పడం కష్టం.

తర్వాత బిల్లింగ్స్ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాలలో పరీక్షించింది. అందులో మన బెంగళూరు కూడా ఒక కేంద్రం. 1981లో ఫలితాలు ప్రచురించారు. 869 మంది స్త్రీలలో 100కి 90 మందికి పైగా మొదటి నెలలోనే తమ శరీర సూచనను గుర్తించగలిగారు. వారిలో చదువురాని తల్లులూ ఉన్నారు. నియమాలన్నీ పాటించినప్పుడు ఏడాదిలో 100 మందిలో సుమారు ముగ్గురే గర్భవతులయ్యారు. అయితే నియమం తప్పినవారిని కూడా కలిపి చూస్తే ఆ సంఖ్య ఇరవై దాకా వెళ్ళింది. అంటే లోపం పద్ధతిలో కన్న, పాటించడంలో ఎక్కువ. భర్త తాగి వచ్చిన రాత్రి భార్య గీసుకున్న చార్టు ఏ పనికి వస్తుంది? ఈ పద్ధతి గర్భాన్ని ఆపే పనిముట్టు కాదు, ఇద్దరు కలిసి నడిచే క్రమశిక్షణ. భర్త మారకుండా భార్య ఒక్కతే దీనిని మోయలేదు.

పాలిచ్చే తల్లులకు మరొక మాట. 1988లో ఇటలీలోని బెలాజియోలో సమావేశమైన శాస్త్రవేత్తలు ఒక విషయం నిర్ధారించారు. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా, తల్లి పాలు తప్ప దాదాపు వేరేదీ పెట్టకుండా, నెలసరి ఇంకా మొదలుకాకుండా ఉంటే, ఈ మూడూ కలిసినప్పుడు గర్భం రాకుండా 98 శాతం రక్షణ ఉంటుంది. అమ్మమ్మలు ఎప్పటినుంచో చెబుతున్న మాటకు సైన్సు హద్దులు గీసి ఇచ్చింది. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణను నమ్ముకోరాదు.

సైన్సుకూ కాపలా కావాలి

1956లో ఆ మాత్రను పెద్దయెత్తున పరీక్షించినది ప్యూర్టోరికోలోని పేద స్త్రీల మీద. అది ఇంకా ప్రయోగదశలో ఉన్నదన్న సంగతి వారికి సరిగా చెప్పలేదు. 100కి 17 మందికి తలతిరగడం, వాంతులు, తలనొప్పి వంటి బాధలు కలిగినవని, అందరికీ వాడదగినది కాదని అక్కడి బాధ్యురాలు డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే నివేదించారు. అప్పటి మోతాదు నేటి మాత్రలలోకన్న ఎన్నో రెట్లు ఎక్కువ.

మన దేశంలో ఎమర్జెన్సీ కాలాన్ని పెద్దలు మరచిపోలేదు. 1976-77 ఒక్క సంవత్సరంలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగినవి. వాటిలో బలవంతాన చేసినవి ఎన్నో. సంతాన నియంత్రణ సాధనాలు ప్రభుత్వాల చేతిలో ఒత్తిడి ఆయుధాలు కాగలవని పోపుగారు 1968లోనే హెచ్చరించారు. మన రాష్ట్రంలో ఇద్దరికి మించి బిడ్డలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీచేయరాదని 1994లో చట్టం తెచ్చారు. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ జననాలు తగ్గిపోతున్నాయని దానిని తొలగించింది. ప్రభుత్వాలకు మనిషి ఒక అంకె. అంకె అవసరాన్ని బట్టి మారుతుంది. శ్రీసభకు మనిషి దేవుని పోలిక.

ల్యాబులో, ఆసుపత్రిలో పనిచేసేవారికి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. హార్మోన్లను గురించి చదవడం, పరిశోధించడం తప్పు కాదు. అది దేవుని సృష్టిని తెలుసుకోవడమే. అవే హార్మోన్ల మాత్రలు అధిక రక్తస్రావానికి, గర్భాశయ రుగ్మతలకు మందు కూడా. జబ్బు నయం చేయడానికి నిజంగా అవసరమైన మందు వాడినప్పుడు, దానివల్ల గర్భం రాకపోయినా, ఆ ఫలితాన్నే కోరి వాడనంతవరకు అది తప్పు కాదని 'హ్యూమనే వీటే' స్పష్టంగా చెప్పింది. డాక్టరు రాసిన చీటీ చూసి భయపడి మందు మానివేసే ఆడపిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఉద్యోగంలో ఉన్నవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నేను చేసే పని ఏమిటి? గర్భాన్ని అడ్డుకోవడమే దాని ఏకైక లక్ష్యమా, లేక వైద్యానికీ పనికివచ్చేదా? అందులో నా పాత్ర ఎంత దగ్గరిది? యంత్రాన్ని శుభ్రం చేసేవాడూ, మందును రూపొందించి ప్రచారం చేసేవాడూ ఒకే బాధ్యత మోయరు. మూడవది, పుట్టబోయే ప్రాణాన్ని తీసే పని ఇందులో ఉన్నదా? ఉంటే, ఎంత జీతమైనా అక్కడ చేయి పెట్టరాదు. తక్కిన సందర్భాలలో విచారణ గురువుతోను, విశ్వాసంగల డాక్టరుతోను మాట్లాడి, ప్రార్థించి నిర్ణయించుకోండి. మనస్సాక్షి అంటే మనకు నచ్చినది కాదు. సత్యాన్ని వెదికి, నేర్చుకుని, దానికి లోబడే లోపలి స్వరమే మనస్సాక్షి.

ఆపరేషన్ చేయించుకున్న తల్లులకు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో 100కి దాదాపు 70 మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. చాలామందికి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. కథోలిక కుటుంబాలు దీనికి వేరుగా లేవని ప్రతి గురువుకూ తెలుసు. రెండవ కాన్పు బల్లమీదనే అత్తగారు, భర్త, ఆసుపత్రివారు కలిసి నిర్ణయించగా వేలిముద్ర వేసిన తల్లులున్నారు. మరో మార్గం ఉన్నదని వారికి ఎవరూ చెప్పలేదు.

అమ్మా, వినండి. శ్రీసభ ఆ ఆపరేషన్‌ను మంచిదని చెప్పలేదు, చెప్పదు. అయితే మీ బాధ్యత ఎంతో తూచేది దేవుడే. తెలియక చేసినదానికీ, ఒత్తిడిలో చేసినదానికీ, పూర్తిగా తెలిసి కోరి చేసినదానికీ బరువు ఒకటి కాదు. మనస్సు నొచ్చుకుంటే పాపసంకీర్తనానికి రండి. పశ్చాత్తాపంతో వచ్చినవారిని ఆ ఆపరేషన్ తిరగదోడించుకుని రమ్మని గురువు షరతు పెట్టడు. క్షమాపణ పొంది దివ్యసత్ప్రసాదం స్వీకరించండి. ఏళ్ళ తరబడి గుడి వెనుక బెంచీలో కూర్చుని పీఠం దగ్గరకు రాకుండా ఉండిపోవలసిన పనిలేదు. తిరిగి వచ్చిన కుమారుని తండ్రి గడప బయట నిలబెట్టలేదు. భర్తలు కూడా వినాలి. ఆ నిర్ణయంలో మీ మాటా ఉన్నది. పాపసంకీర్తనం మీకు కూడా అవసరమే.

రానున్న దంపతుల విషయంలో బాధ్యత గురువులది, ఉపదేశులది, పెద్దలది. వివాహ తయారీ తరగతులలో ఈ పద్ధతులను శిక్షణ పొందిన తోటి స్త్రీల చేత, భర్తలు కూడా కూర్చుని ఉండగా నేర్పించాలి. మదర్ తెరెసా కలకత్తా మురికివాడల పేద కుటుంబాలకు సహజ పద్ధతి నేర్పించి, 1979లో నోబెల్ బహుమతి అందుకున్న సభలో దానిని గురించి ప్రపంచానికి చెప్పారు. అక్కడ సాధ్యమైనది మన పల్లెలలో ఎందుకు కాదు? మళ్ళీ గర్భం ధరిస్తే తల్లి ప్రాణానికి ముప్పని డాక్టరు చెప్పిన కుటుంబాలు మాత్రం పుస్తకం చూసి సొంతంగా లెక్కలు వేసుకోవద్దు. తెలిసిన వైద్యుల దగ్గర, శిక్షకుల దగ్గర నేర్చుకోండి.

కుటుంబ ధ్యానానికి

ఈ వారం జపమాల అయిన తర్వాత, పిల్లలు నిద్రపోయాక, భార్యాభర్తలు ఈ ప్రశ్నలను చర్చించుకోవాలి.

1. మన బిడ్డల సంఖ్యను గురించి మనమిద్దరం కలిసి దేవుని ఎదుట ఎప్పుడైనా ఆలోచించామా? లేక ఇతరులు మన తరఫున నిర్ణయించారా?

2. సంయమనం భారం ఇంట్లో ఎవరిమీద పడుతున్నది? ఇద్దరూ పంచుకుంటున్నామా?

3. మన పిల్లల సైన్సు చదువును విశ్వాసానికి పోటీగా చూస్తున్నామా, లేక దేవుని వరంగా చూస్తున్నామా?

నజరేతు తిరుకుటుంబం మన కుటుంబాలన్నింటికీ తోడై ఉండునుగాక. ఆమెన్.